దోమ ఓడెక్కితే: ముప్పును లెక్కగట్టేదెలా?

వాడి పడేసిన టైరును ఎలా పెట్టినా అందులో నీళ్ళు నిలుస్తాయి. నిలబెట్టినా, పడుకోబెట్టినా, ఒకదానిమీద ఒకటి పేర్చినా సరే, ఒక్క వాన కురిస్తే లోపలి గాడిలో గ్లాసెడు నీళ్ళైనా మిగిలిపోతాయి. వంచి పారబోద్దామన్నా పూర్తిగా పోవు. ఇటు వంచితే అటు, అటు వంచితే ఇటు జారుకుంటాయి. లోపలంతా నలుపు, నీడ. గాలికి కొట్టుకొచ్చిన నాలుగు ఎండుటాకులు ఆ నీళ్ళలో నాని కుళ్ళుతాయి, పిల్లలకు అదే మేత. ఏడిస్ జాతి ఆడదోమకు ఇంతకంటే మంచి పురిటిల్లు దొరకదు.

అది గుడ్లను నీళ్ళలో వదలదు. నీటి అంచుకు కాస్త పైన, తడిగా ఉన్న గోడకు ఒక్కొక్కటిగా అతికిస్తుంది. ఒక్కో గుడ్డు అర మిల్లీమీటరు పొడవుంటుంది. నల్లటి రబ్బరు మీద నల్లటి చుక్క, ఇక ఏం కనిపిస్తుంది? లోపల పిల్ల తయారవడానికి రెండు మూడు రోజులు చాలు. ఆ తర్వాత నీళ్ళు ఎండిపోయినా గుడ్డు చావదు, నెలల తరబడి అలాగే అంటుకుని ఉంటుంది. మళ్ళీ ఎప్పుడో నీళ్ళు ముంచితే అప్పుడు పొదుగుతుంది. ఈ మధ్యలో ఆ టైరు కంటైనర్ ఎక్కి, సముద్రం దాటి, వేరే ఖండంలో ఏదో యార్డులో దిగి, అక్కడి వానకు తడిసిందనుకోండి. గుడ్డుకు రెండు వానలూ ఒకటే.

1985లో అమెరికాలోని హ్యూస్టన్ దగ్గర జరిగింది ఇదే. ఒంటిమీద తెల్లచారలుండే ఏడిస్ ఆల్బోపిక్టస్, అంటే టైగర్ దోమ, అక్కడ గుంపులుగా స్థిరపడిపోయిందని తేలింది. పుట్టిల్లు ఆగ్నేయాసియా అడవులు. డెంగీ, చికున్‌గున్యా మోసుకొచ్చే దోమ. రీట్రెడింగ్ కోసం, అంటే అరిగిన టైరుకు కొత్త పొర వేసి మళ్ళీ వాడడానికి, ఆసియా నుంచి తెప్పించే పాత టైర్ల మీదకి అనుమానం వెళ్ళింది. మరుసటి ఏడాది అధికారులు 79 కంటైనర్లు తెరిచి 22,051 టైర్లను ఒక్కొక్కటిగా చూశారు. నాలుగో వంతు టైర్లలో నీళ్ళున్నాయి. దోమలు దొరికినవి మాత్రం 15.

ఇరవై రెండు వేలలో 15. ఇది ఎక్కువా, తక్కువా? ఇక్కడే ముప్పు లెక్క మొదలవుతుంది, ఇక్కడే చాలామంది తడబడతారు కూడా. పదివేల టైర్లకు ఏడంటే వినడానికి ఏమీ అనిపించదు. కానీ ఏటా లక్షల టైర్లు దిగే దేశానికి అది ఏటా వందల సార్లు తలుపు తట్టినట్టు.

ఒక లెక్క వేసి చూద్దాం. అంకెలు ఊహించుకున్నవే, పద్ధతి మాత్రం అసలైనదే. ఒక కంటైనర్ వల్ల దోమ వచ్చి పాతుకుపోయే అవకాశం పదివేలలో ఒకటి అనుకుందాం. ఆ ఒక్క కంటైనర్ గురించి ఎవరూ నిద్ర మానుకోనక్కర్లేదు. అదే ఏడాదికి పదివేల కంటైనర్లు వస్తే, కనీసం ఒక్కసారైనా దోమ పాతుకుపోయే అవకాశం 63 శాతానికి చేరుతుంది. విడివిడిగా చూస్తే అన్నీ క్షేమమే, కలిపి చూస్తే దాదాపు జరిగి తీరేదే. తనిఖీ అధికారి విడివిడిగానే చూస్తాడు, వేరే దారి లేదు. ముప్పు లెక్క వేసేవాళ్ళు కలిపి చూడాలి.

ఒక ప్రశ్నలో నాలుగు ప్రశ్నలు

"ఆ దోమ మన దేశానికి వస్తుందా?" అని అడిగితే నిపుణులు సూటిగా జవాబివ్వరు. తప్పించుకుంటున్నారని కాదు, ఆ ఒక్క ప్రశ్నలో నాలుగు ప్రశ్నలు దాక్కున్నాయి. సరుకుతో పాటు ప్రాణంతో దిగుతుందా? దిగితే అక్కడ బతికి పిల్లల్ని పెట్టగలదా? పెడితే ఆ రేవు దాటి ఊళ్ళమీదికి పాకుతుందా? పాకితే జబ్బు తెస్తుందా? నాలుగింటికీ అవుననే జవాబు రావాలి. ఒక్కటి కాదన్నా కథ అక్కడితో ఆగిపోతుంది. అందుకే ఈ నాలుగు అవకాశాలనూ కూడరు, గుణిస్తారు.

నెదర్లాండ్స్ పూలమొక్కల గాజు ఇళ్ళను చూడండి. లక్కీ బ్యాంబూ పేరుతో అమ్మే మొక్కలతో పాటు 2005 నుంచి అక్కడికి టైగర్ దోమ పదేపదే వచ్చింది. మొదటి ప్రశ్నకు జవాబు అవునే. కానీ గాజు గోడల వెచ్చదనం దాటి బయట పాతుకుపోలేదు. గట్టెక్కించింది రెండో ప్రశ్న.

అవే మొక్కలు కాలిఫోర్నియాలో వేరే పాఠం చెప్పాయి. 2001లో దక్షిణ చైనా నుంచి లాస్ ఏంజెలెస్ రేవుకు వచ్చిన లక్కీ బ్యాంబూ కంటైనర్లలో టైగర్ దోమలు బయటపడ్డాయి. అంతకుముందు ఆ మొక్కలు విమానాల్లో పొడిగా వచ్చేవి. గిరాకీ పెరిగింది. ఓడలో పంపితే ఖర్చు తక్కువ, కాకపోతే ప్రయాణం పొడవు. దారిలో మొక్క వాడిపోకుండా అడుగున నీళ్ళు పోసి పంపడం మొదలుపెట్టారు. అదే మొక్క, అదే దేశం, కొనేవాళ్ళూ వాళ్ళే. మారింది ప్యాకింగ్ ఒక్కటే. ఎగుమతి లెక్కల్లో ఈ మార్పు ఎక్కడా కనిపించదు, దోమకు మాత్రం అది ఏసీ కోచ్‌లో బెర్త్ దొరికినట్టు. ఆ తర్వాత మొక్కల్ని నీళ్ళు లేకుండానే పంపాలన్నారు, మందులు కొట్టారు, దోమ మాయమైందనుకున్నారు. 2011లో లాస్ ఏంజెలెస్ కౌంటీలో మళ్ళీ కనిపించింది. జన్యువులు పరిశీలిస్తే 2001 నాటి దోమలతో దగ్గర చుట్టరికం తేలింది.

నా దృష్టిలో మొత్తం వ్యవహారంలో తక్కువ శ్రద్ధ దక్కేది ఈ మొదటి ప్రశ్నకే. దోమ ఎక్కడెక్కడ బతకగలదో చూపించే రంగురంగుల వాతావరణ పటాలు బోలెడన్ని వస్తాయి. అవి చూడ్డానికి బాగుంటాయి, పత్రికల్లో వేసుకోవడానికీ బాగుంటాయి. ఏ సరుకులో, ఎంత తడితో, ఎన్నిసార్లు, ఏ యార్డులోకి వస్తోందన్న లెక్క మాత్రం దాదాపు ఎవరూ రాసిపెట్టరు. వాడిన టైర్లకూ రీట్రెడ్ టైర్లకూ కస్టమ్స్‌లో 4012 అనే కోడ్ ఉంది. ఎన్ని టన్నులు, ఎంత విలువ, ఏ దేశం నుంచి అన్నది అందులో దొరుకుతుంది. ఓడెక్కే ముందు ఆ టైర్లు ఆరుబయట ఎన్ని వానలకు తడిశాయో, లోపల నీళ్ళున్నాయో లేదో దొరకదు. మనకు కావలసింది ఆ రెండోదే.

విమానాల సంగతి వేరు. వాటిలో వచ్చేవి ఎక్కువగా గుడ్లు కావు, ఎగిరే దోమలు. 1994 వేసవిలో పారిస్ దగ్గరి రువాసీ విమానాశ్రయం చుట్టుపక్కల, మలేరియా ఉన్న ఏ దేశానికీ వెళ్ళనివాళ్ళకు మలేరియా వచ్చింది. విమానంలో వచ్చిన దోమ కుట్టింది, అది చచ్చింది, అక్కడితో ఆ గొలుసు తెగింది. భయపెట్టే వార్తే గానీ, పాతుకుపోయే ముప్పు దాంట్లో తక్కువ.

చలి, పగటి పొడవు, కార్లు

దిగిన దోమ బతుకుతుందా అన్నదానికి మొదట చూసేది వాతావరణం. బయల్దేరిన రేవు, దిగిన రేవు ఒకే రకం ఎండావానల్లో ఉన్నాయా, వాటి మధ్య ఓడల రాకపోకలెన్ని అని చూస్తారు. 2006లో వచ్చిన ఒక అధ్యయనం ఈ రెండింటినీ కలిపి టైగర్ దోమ ప్రయాణాన్ని పరిశీలించింది. ఓడలు ఎక్కువగా తిరిగే, వాతావరణం పోలిన రేవులకే అది ఎక్కువగా చేరిందని తేలింది.

ఇక్కడో మెలిక ఉంది. దోమ పేరు చూసి లెక్క వేస్తే సరిపోదు, అది ఏ ఊరి దోమో కూడా చూడాలి. టైగర్ దోమల్లోనే ఉష్ణమండలంలో పుట్టినవి, చల్లటి ప్రాంతాల్లో పుట్టినవి వేరువేరుగా నడుచుకుంటాయి. పగలు పొట్టిగా మారుతోందని గమనించిన చల్లటి ప్రాంతపు ఆడదోమ, చలికాలమంతా పొదగకుండా నిద్రపోయే గుడ్లు పెడుతుంది. ఉష్ణమండలపు దోమకు ఆ అలవాటు లేదు. అమెరికాలో దొరికిన దోమలను పరీక్షిస్తే వాటికి ఈ అలవాటు ఉంది. అంటే అవి ఆసియాలోని ఉత్తరపు, చలి ఎరిగిన ప్రాంతాల నుంచి, బహుశా జపాన్ వైపు నుంచి వచ్చి ఉండాలి. ఆ టైర్లు ఇంకాస్త దక్షిణం నుంచి వచ్చి ఉంటే అమెరికా ఉత్తరాన మంచు కురిసే ఊళ్ళకు ఈ దోమ అంత సులువుగా పాకేది కాదేమో. డెంగీ మోసే మరో దోమ ఏడిస్ ఈజిప్టైకి ఇలాంటి శీతాకాలపు నిద్ర లేదు. అందుకే ఆ రెంటికీ ఒకే పటం గీస్తే పప్పులో కాలేసినట్టే.

మరో మెలిక, పుట్టిల్లు ఆసియా అయినంత మాత్రాన ప్రతిసారీ ఆసియా నుంచే రానక్కర్లేదు. ఇటలీలోని జెనోవాలో ఈ దోమ 1990లో కనిపించింది. మరుసటి ఏడాది పాదువా దగ్గర దొరికినప్పుడు ఆరా తీస్తే, అమెరికా నుంచి తెప్పించిన పాత టైర్లు కారణమని తేలింది. ఆసియా నుంచి అమెరికాకు, అక్కడి నుంచి యూరప్‌కు. దోమ కొత్తగా చేరిన ప్రతి చోటూ మరో బస్టాండు అవుతుంది. కాబట్టి ముప్పు జాబితాను ఒకసారి తయారుచేసి బీరువాలో పెట్టేస్తే కుదరదు. ఇవాళ క్షేమమైన దేశం నుంచి వచ్చే సరుకు రేపటికి క్షేమం కాకపోవచ్చు.

ఒకసారి దిగాక లోపలికి పాకడానికి ఓడతో పని లేదు. టైగర్ దోమ తనంతట తాను ఎగిరేది మహా అయితే కొన్ని వందల మీటర్లు. మరి వందల కిలోమీటర్లు ఎలా వెళ్ళింది? మనం తీసుకెళ్ళాం. స్పెయిన్‌లో కార్లను తనిఖీ చేసి చూస్తే సుమారు వెయ్యి ప్రయాణాల్లో అయిదింటిలో టైగర్ దోమ కారులో కూర్చుని ఉంది. మనిషిని కుట్టడానికి వెంటపడి లోపలికి దూరుతుంది, తలుపు తీసినప్పుడు దిగిపోతుంది. ఒక నగరం నుంచి రోజూ బయటికెళ్ళే కార్ల సంఖ్యతో దీన్ని గుణించి చూడండి. రేవులో ఎంత గట్టిగా కాపలా కాసినా, రేవు దాటిన మర్నాటి నుంచి ఆట వేరు.

దోమ ముందు, వైరస్ తర్వాత

నాలుగో ప్రశ్న దగ్గర ఒక అపోహ పోగొట్టుకోవాలి. సరుకుతో వచ్చే దోమ సాధారణంగా జబ్బును వెంటబెట్టుకుని రాదు. దోమ ఒక దారిన వస్తుంది, వైరస్ ఇంకో దారిన, ఎక్కువగా మనిషి ఒంట్లో వస్తుంది. రెండూ కలవడానికి ఏళ్ళు పట్టవచ్చు. ఇటలీలో దోమ దిగింది 1990లో. పదిహేడేళ్ళపాటు అది చికాకు పెట్టే దోమే తప్ప అంతకుమించి కాదు. 2007 వేసవిలో కేరళ నుంచి వచ్చిన ఒక ప్రయాణికుడి ఒంట్లో చికున్‌గున్యా వైరస్ ఉంది. రవెన్నా దగ్గరి రెండు చిన్న ఊళ్ళలో మొదలైన జ్వరం 200 మందికి పైగా సోకింది.

దీంట్లో మరో చిన్న కథ ఇమిడి ఉంది. అంతకు ఏడాది రెండేళ్ళ ముందు, హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిలో ప్రతి ముగ్గురిలో ఒకరికి చికున్‌గున్యా వచ్చింది. అక్కడ ఈజిప్టై దోమ చాలా తక్కువ, ఉన్నదంతా టైగర్ దోమే. వైరస్ పైపొరలో ఒకే ఒక్క చిన్న మార్పు జరిగి, ఆ దోమ ఒంట్లో బాగా పెరగడం నేర్చుకుంది. ఇటలీకి చేరింది ఆ మార్పు ఉన్న వైరసే. అంతకుముందు ఎవరైనా ముప్పు నివేదిక రాసి ఉంటే, "ఈ దోమ చికున్‌గున్యాను అంతగా మోయదు" అని రాసేవాళ్ళు. తప్పని కూడా అనలేం. అప్పటికి అది నిజమే.

జబ్బు సోకే బలాన్ని లెక్కించేటప్పుడు దోమల సంఖ్య మీద అందరి చూపూ పడుతుంది. నిజానికి దోమ ఆయుష్షు అంతకంటే పెద్ద విషయం. వైరస్ ఉన్నవాణ్ణి కుట్టిన వెంటనే దోమ ఇంకొకరికి అంటించలేదు. వైరస్ దాని కడుపులో నుంచి లాలాజల గ్రంథులదాకా చేరాలి. అందుకు పది రోజులు పడుతుందనుకుందాం. రోజుకు పదింట తొమ్మిది దోమలు బతికే చోట, నూరు దోమల్లో 35 ఆ పది రోజులూ దాటతాయి. పదింట ఎనిమిదే బతికే చోట 11 మాత్రమే దాటతాయి. రోజుకు ఒక్క దోమ తేడా, చివరికి మూడింతలు. పైగా ఒకసారి కుట్టి వైరస్ తెచ్చుకోవాలి, ఇంకోసారి కుట్టి అంటించాలి. అందుకని మనుషుల్ని కుట్టే అలవాటు రెట్టింపైతే ముప్పు రెట్టింపు కాదు, నాలుగింతలు అవుతుంది. వేడి పెరిగితే ఆ పది రోజులు ఇంకా కుదించుకుపోతాయి. చల్లటి దేశంలో వేలాది టైగర్ దోమలున్నా జబ్బు రాకపోవడం, ఒక వేసవి గట్టిగా కాసేసరికి వచ్చిపడటం ఈ లెక్క వల్లే.

మలేరియా నగరానికొచ్చింది

ఇంతవరకు చెప్పుకున్నది ఏడిస్ గురించి. అనాఫిలిస్ స్టెఫెన్సీ ఈ లెక్కలన్నిటినీ మళ్ళీ రాయించింది. ఇది భారత ఉపఖండం, పర్షియన్ గల్ఫ్ తీరాల దోమ. మలేరియా మోసే దోమలు సాధారణంగా పల్లెల్లో, చెరువుల్లో, వరి చేలల్లో పెరుగుతాయి. స్టెఫెన్సీ అలా కాదు, ఓవర్‌హెడ్ ట్యాంకులు, సంపులు, బావులు, కట్టే భవనాల దగ్గరి నీటి తొట్లు దానికి చాలు. 2012లో ఆఫ్రికా కొమ్ములోని జిబూతీ నగరంలో కనిపించింది. ఆ ఏడాది ఆ దేశంలో నమోదైన మలేరియా కేసులు 27. 2020 నాటికి 73 వేలు దాటాయి. ఇంత పెరుగుదలకూ ఆ దోమ ఒక్కటే కారణమని అనలేం గానీ, దాన్ని పక్కనపెట్టి ఈ అంకెను వివరించడం కష్టం. తర్వాత ఇథియోపియా, సూడాన్, సోమాలియా, నైజీరియా, కెన్యా, ఘనాల్లోనూ దొరికింది. ఆఫ్రికా నగరాల్లో 12.6 కోట్ల మంది దీని దారిలో ఉన్నారని 2020లో ఒక అంచనా వచ్చింది.

అనాఫిలిస్ గుడ్లు ఏడిస్ గుడ్లలా నెలలపాటు ఎండను తట్టుకోలేవు. కాబట్టి దీనికి టైరు కథ పూర్తిగా వర్తించదు. ఓడల మీద నిలవుండే నీళ్ళు, చీకటి మూలల్లో నక్కే దోమలు, పొట్టి సముద్ర ప్రయాణాలు, ఇవీ ఇక్కడ చూడాల్సినవి. 1930లో ఇలాగే ఆఫ్రికా అనాఫిలిస్ ఒకటి బ్రెజిల్‌లోని నటాల్‌లో బయటపడింది. ఆఫ్రికా పడమటి తీరంలోని డకార్ నుంచి వచ్చే వేగమైన పడవల్లో సముద్రం దాటిందని నమ్మారు. మొదట చిన్న ఊరి గొడవ అనుకుని వదిలేశారు. ఎనిమిదేళ్ళకు, 1938లో, వేల మందిని చంపింది. అప్పుడు ఇంటింటికీ తిరిగి, గుంట గుంటనూ వెతికి 1940 నాటికి పూర్తిగా తుడిచిపెట్టారు.

ముప్పు నివేదికలు చదివేటప్పుడు నాకు అన్నిటికంటే చిరాకు కలిగించేది "ఎక్కువ, మధ్యస్థం, తక్కువ" అనే మూడు గడుల పట్టిక. "తక్కువ" అన్న గడిలో రెండు వేర్వేరు సంగతులు ఒకే దుప్పటి కప్పుకుని పడుకుంటాయి. బాగా వెతికి, లేదని తేల్చుకున్నది ఒకటి. అసలు వెతకనే లేదు కాబట్టి దొరకనిది ఇంకొకటి. దోమల్ని పట్టే వలలు పెట్టే డబ్బులేని రేవులన్నీ పటంలో పచ్చగానే కనిపిస్తాయి. పక్కన ఇంకో గడి ఉండాలి: ఎన్ని వలలు పెట్టారు, ఎన్ని నెలలు, ఎవరు చూశారు?

ఇక చేయగలిగిన పనులు. అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనల ప్రకారం రేవులూ విమానాశ్రయాల్లో సరుకు, ప్రయాణికులు మసలే చోట్ల చుట్టూ కనీసం 400 మీటర్ల దాకా దోమల్లేకుండా చూడాలి. ఆసియా నుంచి వచ్చే వాడిన టైర్లు పొడిగా, శుభ్రంగా, పురుగుల్లేకుండా ఉండాలని అమెరికా 1988 నుంచి షరతు పెట్టింది. న్యూజిలాండ్ అయితే 1998లో నేపియర్ దగ్గర దొరికిన ఆస్ట్రేలియా ఉప్పునీటి దోమ వెంట పన్నెండేళ్ళు పడింది. 2010లో నిర్మూలించామని ప్రకటించే నాటికి సుమారు 7 కోట్ల న్యూజిలాండ్ డాలర్లు ఖర్చయ్యాయి.

ఆపెయ్యడమే సులువు కదా, పాత టైర్లను రానివ్వకపోతే పోదా అంటే, బ్రెజిల్ ఆ పనే చేసింది. పారేసిన టైర్ల గుట్టల్లో దోమలు పెరిగి డెంగీ వస్తోందని చెప్పి రీట్రెడ్ టైర్ల దిగుమతి నిషేధించింది. ఐరోపా దేశాలు 2005లో ప్రపంచ వాణిజ్య సంస్థకెక్కాయి. 2007 డిసెంబరులో అప్పీలు తీర్పు వచ్చింది. ఆరోగ్యం కోసం నిషేధం అవసరమేనని ఒప్పుకుంటూనే, బ్రెజిల్ వాదన నిలవలేదంది. ఎందుకంటే పక్కనున్న మెర్కొసుర్ (దక్షిణ అమెరికా వాణిజ్య కూటమి) దేశాల టైర్లకు నిషేధం లేదు, కోర్టు ఉత్తర్వులతో వాడిన టైర్లు కూడా లోపలికొస్తూనే ఉన్నాయి. ఒక తలుపుకు తాళం వేసి ఇంకో తలుపు తెరిచిపెడితే అది దోమల నివారణ ఎలా అవుతుందన్నట్టు ఉంది ఆ తీర్పు. వాణిజ్య న్యాయవాదుల నుంచి వచ్చినా, దోమల నిపుణులు వేసే ప్రశ్న కూడా అదే.

2023లో కొందరు పరిశోధకులు ఒక పని చేశారు. స్టెఫెన్సీ ఉన్న దేశాల నుంచి ఆఫ్రికా దేశాలకు ఓడల రాకపోకలెంత, అక్కడి వాతావరణం ఆ దోమకు పడుతుందా అని, 2011 నాటి అంకెలు మాత్రమే తీసుకుని లెక్క వేశారు. అంటే దోమ జిబూతీలో బయటపడకముందు అందుబాటులో ఉన్న సమాచారమే. ముప్పు ఎక్కువున్న దేశాల జాబితాలో మొదటి రెండు పేర్లు సూడాన్, జిబూతీ అని వచ్చాయి. జిబూతీలో అప్పటికి ఆ దోమ చేరి పదకొండేళ్ళయింది.